ల్యాబ్‌వ్యూ మీదే కెరీర్ కట్టుకోవచ్చా? ఈసీఈ ఫ్రెషర్ సందేహాలు

ప్రశ్న | కొత్తబ్యాచ్
ఈ ఏడాదే ఈసీఈలో బీటెక్ అయింది. హైదరాబాద్‌లో రక్షణ రంగానికి ఆటోమేటెడ్ టెస్ట్ ఎక్విప్‌మెంట్ (ఏటీఈ, అంటే బోర్డులను ఆటోమేటిక్‌గా పరీక్షించే సామగ్రి) చేసిచ్చే ఒక చిన్న కంపెనీ ట్రైనీగా తీసుకుంటానంది. పనంతా ల్యాబ్‌వ్యూలోనే, అంటే బొమ్మల్లాంటి బ్లాకులని వైర్లతో కలిపి ప్రోగ్రామ్ కట్టే లాంగ్వేజ్‌లో. క్లాస్‌మేట్లు జావా, పైథాన్ అంటున్నారు. ఒక్క లాంగ్వేజ్‌కి అతుక్కుపోతే పదేళ్ల తర్వాత పరిస్థితేంటి? చేరేలోపు రెండు నెలలు ఖాళీ, చేతిలో హార్డ్‌వేర్ ఏమీ లేదు. ఏం ప్రాక్టీస్ చేయాలి? సర్టిఫికేషన్‌కి డబ్బు పెట్టడం దండగా?

జవాబు 1 | కొలతబల్ల
కంపెనీ మీకు జీతమిచ్చేది వైర్లు కలిపినందుకు కాదు తమ్ముడూ. ఒక బోర్డు పాసో ఫెయిలో నమ్మకంగా తేల్చి చెప్పినందుకు. వీఐ (ల్యాబ్‌వ్యూ ప్రోగ్రామ్) కట్టడం అంతో ఇంతో వచ్చిన ఫ్రెషర్లు చాలామంది ఉంటారు. కానీ 0.2 ఓమ్‌ల కాంటాక్ట్ రెసిస్టెన్స్‌ని రెండు వైర్లతో కొలిస్తే ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే అందులో కలిసిపోతుందనీ, అందుకే నాలుగు వైర్ల పద్ధతి వాడాలనీ చెప్పగలిగేవాళ్లు తక్కువ. రిలే మూసిన వెంటనే రీడింగ్ తీస్తే కాంటాక్టులు ఇంకా అదురుతూనే ఉంటాయి, విలువ ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. వేడి కొలిచే థర్మోకపుల్‌కి కోల్డ్ జంక్షన్ సవరణ (దాని వైర్లు మీటర్‌కి కలిసే చోటి వేడిని లెక్కలోకి తీసుకోవడం) లేకపోతే గది వేడి మారినప్పుడల్లా రీడింగ్ కూడా మారిపోతుంది. ఈ పట్టు ఉన్నవాడికి లాంగ్వేజ్ మారినా పని పోదు.

ల్యాబ్‌వ్యూ 1986లో వచ్చింది. రక్షణ, అంతరిక్ష పరికరాల టెస్ట్ సెట్లు ఒకసారి ఆమోదం పొందితే ఏళ్ల తరబడి అవే నడుస్తాయి, వాటిని చూసుకునేవాళ్లు కావాల్సిందే. అలాగని భరోసా పూర్తిగా ఉందనీ చెప్పను. కొత్త తరం ల్యాబ్‌వ్యూ అంటూ తెచ్చిన ఎన్‌ఎక్స్‌జీని, దాన్ని తయారుచేసే నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ మధ్యలోనే ఆపేసింది. 2023లో ఆ కంపెనీనే ఎమర్సన్ కొనేసింది. లైసెన్స్ ఖర్చు చూసి కొత్త ప్రాజెక్టుల్లో పైథాన్ అడిగే కస్టమర్లూ ఉన్నారు. అందుకని పక్కన టెస్ట్‌స్టాండ్ (టెస్టులను వరసగా నడిపే సాఫ్ట్‌వేర్), పైథాన్ రెండూ నేర్చుకోండి. టెస్ట్‌స్టాండ్ ఒకే సీక్వెన్స్‌లోంచి ల్యాబ్‌వ్యూ, సీ, డాట్‌నెట్, పైథాన్ కోడ్‌ని పిలవగలదు కాబట్టి అది వస్తే ఏ టీమ్‌లోనైనా ఇముడుతారు.

ఆఫర్ లెటర్‌లో బాండ్ ఎన్నేళ్లో చూసుకోండి. సైట్‌లో ఇన్‌స్టలేషన్ పని ఎంతుంటుందో కూడా ముందే అడగండి.

జవాబు 2 | క్యూలూప్
రెండు నెలలకి పని చెప్తాను. ల్యాబ్‌వ్యూ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, అందులో ఈఎక్స్ఈ (విడిగా నడిచే ప్రోగ్రామ్ ఫైల్) కూడా కట్టొచ్చు. కాకపోతే సొంత అభ్యాసానికే. దాంతో కంపెనీ పని గానీ కాలేజీ కోర్సు పని గానీ చేయకూడదు. దాంతోపాటు డాక్‌ఎంఎక్స్ డ్రైవర్ (సిగ్నళ్లు కొలిచే కార్డుల డ్రైవర్) వేసుకుని, మ్యాక్స్ అనే హార్డ్‌వేర్ సెట్టింగ్స్ టూల్‌లో డివైసెస్ అండ్ ఇంటర్‌ఫేసెస్ మీద రైట్‌క్లిక్ చేసి సిమ్యులేటెడ్ డివైస్ ఒకటి సృష్టించండి. కార్డు లేకుండానే అనలాగ్ ఇన్‌పుట్‌లో కాస్త నాయిస్ కలిసిన సైన్ వేవ్ వస్తుంది.

మొదటి మూడు వారాలు స్టేట్ మెషీన్ (పనిని స్టేట్లు అనే దశలుగా విడగొట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే ప్రోగ్రామ్) ఒక్కటే చేయండి. వైల్ లూప్, లోపల కేస్ స్ట్రక్చర్, స్టేట్‌ని మోసుకెళ్లే షిఫ్ట్ రిజిస్టర్. స్టేట్ల ఈనమ్‌ని (పేర్ల జాబితాని) తప్పకుండా టైప్‌డెఫ్ చేయండి, అంటే ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారేలా పెట్టండి. చేయకపోతే కొత్త స్టేట్ కలిపిన రోజున బ్లాక్ డయాగ్రమ్‌లో (ల్యాబ్‌వ్యూ కోడ్ గీసే చోట) ఉన్న ప్రతి కాన్‌స్టెంట్‌నీ ఒక్కొక్కటిగా వెతికి దిద్దాలి.

ఆ తర్వాత ప్రొడ్యూసర్-కన్స్యూమర్. ఒక లూప్ డేటా తెచ్చి క్యూలో (వచ్చిన వరసలోనే డేటాని దాచే చోట) వేస్తుంది, ఇంకోటి తీసుకుని గ్రాఫ్ గీసి ఫైల్‌లో రాస్తుంది. శాంపుల్ రేటు సెకనుకు 10,000 పెడితే ఒక్కో రీడ్‌కి 1,000 తీయండి, లూప్ సెకనుకు 10 సార్లు తిరిగితే చాలు. అదే రీడ్‌కి 10 చొప్పున తీస్తే 1,000 సార్లు తిరగాలి. విండోస్‌లో గ్రాఫ్, ఫైల్ రెండూ అదే లూప్‌లో ఉంటే అంత వేగం నిలబడదు. ఆ రేటుకి డిఫాల్ట్ బఫర్ 10,000 శాంపుల్స్, అంటే ఒక్క సెకను డేటా. నిజమైన కార్డు మీద అది నిండిపోగానే చదవని డేటా మీద కొత్తది పడి -200279 ఎర్రర్ వస్తుంది. చాలామంది బఫర్ పెంచి ఊరుకుంటారు. దాంతో ఎర్రర్ కాస్త ఆలస్యంగా వస్తుందంతే, లూపులు విడదీస్తేనే పోతుంది.

ఆపేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. స్టాప్ నొక్కగానే ప్రొడ్యూసర్ వైపు క్యూని రిలీజ్ చేసేస్తే, డీక్యూ (క్యూలోంచి తీసే నోడ్) దగ్గర ఎదురుచూస్తున్న కన్స్యూమర్‌కి 1122 ఎర్రర్ తగులుతుంది. క్యూలో మిగిలిన డేటా కూడా పోతుంది. స్టాప్‌కి చివరి మెసేజ్‌గా ఎగ్జిట్ పంపండి. కన్స్యూమర్ అది అందుకుని, ఫైల్ మూసి, తర్వాతే క్యూని రిలీజ్ చేయాలి. ఇంటర్వ్యూలో దీన్నే తిప్పి తిప్పి అడుగుతారు.

ఫైల్‌కి టీడీఎంఎస్ (కొలతల డేటా దాచే బైనరీ ఫైల్ రకం) వాడండి. ఒక్కో రైట్‌కి రెండు మూడు శాంపుల్స్ చొప్పున రాస్తే డేటాకంటే హెడర్లే ఎక్కువై ఫైల్ ముక్కలు ముక్కలవుతుంది, తెరవడానికే నిమిషాలు పడుతుంది. వెయ్యి చొప్పున రాస్తే ఆ బాధ లేదు.

చివరి రెండు వారాలు ఈఎక్స్ఈ కట్టి ల్యాబ్‌వ్యూ లేని వేరే కంప్యూటర్‌లో నడపండి. అసలు పాఠం అక్కడే. ఈఎక్స్ఈని నడిపే రన్‌టైమ్ ఇంజిన్ దానికి సరిపోయే వెర్షన్‌లో, అదే 32 లేదా 64 బిట్‌లో ఉండాలి, డాక్‌ఎంఎక్స్ డ్రైవర్ విడిగా వేయాలి. కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్ పాత్‌ని కరెంట్ వీఐస్ పాత్‌తో కట్టి ఉంటే ఈఎక్స్ఈలో అది మారిపోయి ఫైల్ దొరకదు, అప్లికేషన్ డైరెక్టరీతో కట్టండి. పేరుతో డైనమిక్‌గా పిలిచే వీఐలను బిల్డ్‌లో ఆల్వేస్ ఇన్‌క్లూడెడ్ కింద చేర్చకపోతే అవి ఈఎక్స్ఈలోకి రావు.

జవాబు 3 | వీసాటైమౌట్
పై జవాబులో ఇన్‌స్ట్రుమెంట్ కంట్రోల్ (మీటర్ల లాంటి పరికరాలను కంప్యూటర్‌తో నడపడం) రాలేదు. ఏటీఈ కంపెనీలో మొదటి నెల నుంచే అదే పని ఉంటుంది. మీటర్‌కి ఐడీఎన్ ప్రశ్న (నువ్వే పరికరమని అడిగే కమాండ్) పంపి జవాబు చదవగానే -1073807339 వస్తే అది టైమౌట్. కేబుల్ మార్చేముందు రెండు విషయాలు చూడండి: కమాండ్ చివర న్యూలైన్ ఉందా, చివర ప్రశ్నార్థకం లేని కమాండ్ పంపి జవాబు కోసం కూర్చున్నారా.

సీరియల్‌లో ఇంకో ఉచ్చు ఉంది. పరికరాలతో మాట్లాడే వీసా డ్రైవర్‌లోని కాన్ఫిగర్ సీరియల్ పోర్ట్‌లో టర్మినేషన్ క్యారెక్టర్ (మెసేజ్ అయిపోయిందని చెప్పే గుర్తు) డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, దాని విలువ 10. పరికరం బైనరీ డేటా పంపితే, మధ్యలో 10 విలువున్న బైట్ రాగానే రీడ్ అక్కడికి తెగిపోతుంది. పది ప్యాకెట్లలో తొమ్మిది సరిగ్గా వచ్చి ఒక్కటి తెగితే కారణం దాదాపు ఇదే. బైనరీ ప్రోటోకాల్‌కి దాన్ని ఆఫ్ చేసి, పొడవు లెక్కపెట్టి చదవండి.

సర్టిఫికేషన్ సంగతి. సీఎల్ఏడీ (ల్యాబ్‌వ్యూలో మొదటి మెట్టు సర్టిఫికెట్) ఆబ్జెక్టివ్ పరీక్ష, ఫ్రెషర్ రెజ్యూమే వరకు పనికొస్తుంది. సొంత డబ్బుతో తొందరపడొద్దు, చేరాక కంపెనీ కట్టే అవకాశముందేమో అడగండి. విలువంతా దాని పై మెట్టు సీఎల్డీకి. 4 గంటల్లో ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి పనిచేసే అప్లికేషన్ కట్టాలి. కార్ వాష్, ఏటీఎం లాంటి నమూనా ప్రశ్నలు దొరుకుతాయి, వాటిని గడియారం పెట్టుకుని చేయండి. ప్రోగ్రామ్ నడిచినంత మాత్రాన పాస్ కారు. శైలికీ డాక్యుమెంటేషన్‌కీ మార్కులున్నాయి. చివరి అరగంట వీఐ డిస్క్రిప్షన్లకి, లేబుళ్లకి అట్టిపెట్టుకోండి.

కొత్తబ్యాచ్
అందరికీ థాంక్స్ అన్నా. ఒక్క సందేహం. యూట్యూబ్‌లో చాలామంది లూపుల మధ్య డేటాని లోకల్ వేరియబుల్‌తో (స్క్రీన్ మీది కంట్రోల్ విలువని డయాగ్రమ్‌లో వైరు లేకుండా చదివి రాసేది) పంపుతున్నారు, పనిచేస్తోంది కూడా. క్యూ ఎందుకు?

క్యూలూప్
చిన్న డెమోలో పనిచేస్తుంది. రెండు లూపులు ఒకే కౌంటర్‌ని లోకల్‌తో చదివి, ఒకటి కలిపి, తిరిగి రాస్తున్నాయనుకోండి. రెండూ 7 అని చదివితే రెండూ 8 అనే రాస్తాయి, ఒక లెక్క పోతుంది. ఇది ఎప్పుడు జరుగుతుందో చెప్పలేం. మీ టేబుల్ మీద రాదు, కస్టమర్ దగ్గర రాత్రంతా నడిచే టెస్ట్‌లో వస్తుంది. పైగా లోకల్‌లో ఉండేది చివరి విలువ ఒక్కటే, కన్స్యూమర్ ఒక చుట్టు వెనకబడితే మధ్య డేటా దొరకదు. క్యూలో వరస తప్పదు.

స్క్రీన్ మీద ఒక కంట్రోల్‌ని మొదటి విలువకి తేవడానికి లోకల్ వాడుకోండి, తప్పులేదు. డయాగ్రమ్‌లో ఎడమవైపున్నదే ముందు నడుస్తుందనీ అనుకోకండి. వైరు కలవని రెండు నోడ్లలో ఏది ముందో ల్యాబ్‌వ్యూ హామీ ఇవ్వదు. వరస కావాలంటే ఎర్రర్ వైరు కలపండి.