పక్కవాళ్ళ బొమ్మలు చూస్తుంటే నావి కూడా వాళ్ళలాగే అయిపోతున్నాయి, చూడ్డం మానేయాలా?

తడికాగితం:
అందరికీ నమస్తే. నేను వాటర్‌కలర్ వేస్తుంటా, ఉద్యోగం వేరే, ఆదివారాలు మా స్కెచింగ్ గ్రూప్‌తో పాతబస్తీలో ఎక్కడో ఓ చోట కూర్చుని వేస్తాం. గ్రూప్‌లో ఒకాయన చాలా బాగా వేస్తాడు. నీడలకి నలుపు అస్సలు ముట్టుకోడు, అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే గోధుమరంగు కలిపి ఒకే వాష్‌లో (నీళ్ళెక్కువ పట్టిన పల్చటి రంగు పూత) లాగించేస్తాడు, ఎండ పడేచోట పేపర్‌ని తెల్లగా వదిలేస్తాడు. ఆయన పక్కన కూర్చోడం మొదలెట్టాక నావీ అలాగే తయారయ్యాయి. మొన్న లాడ్‌బజార్‌లో గాజుల షాపు వేసి పోస్ట్ చేస్తే "ఇది ఆయన వేసిందా" అని కామెంట్లు, మెచ్చుకున్నారో ఎత్తిపొడిచారో అర్థం కాలా. ఎప్పుడో పోయిన మాస్టర్లని కాపీ కొడితే ప్రాక్టీస్ అంటారు, అదే బతికున్నవాడి దగ్గర, అందులోనూ పక్కనే కూర్చునేవాడి దగ్గర తీసుకుంటే మాత్రం దొంగతనం చేసినట్టు ఉంటోంది. మీరెలా చూస్తారు దీన్ని?

చార్‌కోల్‌గాడు:
ఆర్నెల్లు ఇన్‌స్టా డిలీట్ చేసెయ్ బ్రో, ఎవరివీ చూడకు, నీ స్టైల్ అదే బయటికొస్తది.

గోదారిగట్టు:
పైన బ్రో చెప్పింది నాకు నచ్చలేదండీ. ఎవరివీ చూడకుండా కూర్చుంటే మన పాత అలవాట్లే బయటికొస్తాయి, దానికి స్టైల్ అని పేరు పెట్టుకుని మురిసిపోవాలంతే. మా రాజమండ్రిలో చిత్రకారులు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఇద్దరూ అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొరగారి శిష్యులే, ఇంచుమించు ఒకే ఈడు వాళ్ళు. ఒక ఊళ్ళో నలుగురు బొమ్మలేసేవాళ్ళు ఒకళ్ళవి ఒకళ్ళు చూసుకుంటూ పెరగడం కొత్తేం కాదు.

కానీ మీ ప్రశ్నకి బాగా అతికేది పికాసో, ఆయన తోటి చిత్రకారుడు బ్రాక్‌ల కథ. 1907లో పరిచయమయ్యారు, తర్వాత కొన్నేళ్ళు వీడి స్టూడియోకి వాడు, వాడి స్టూడియోకి వీడు, వేసిందల్లా ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. 1911 ఎండాకాలం ఇద్దరూ ఫ్రాన్స్‌లో సెరె అనే ఊళ్ళో ఉండి వేసిన బొమ్మలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం, దానికి తోడు ఆ రోజుల్లో సంతకం కూడా బొమ్మ ముందువైపు పెట్టేవాళ్ళు కాదు. మీకొచ్చిన "ఇది ఆయనదా" కామెంట్ వాళ్ళకైతే రోజూ వచ్చుండేది.

అసలు సంగతి దువ్వెన. బ్రాక్ వాళ్ళ నాన్న, తాత ఇళ్ళకి రంగులేసే వాళ్ళు, ఇతనూ ఆ పని నేర్చుకున్నాడు. మనకీ మామూలు చెక్క తలుపు మీద టేకు గీతలొచ్చేలా పెయింటర్లు గ్రెయినింగ్ చేస్తారు చూడండి, తడి రంగు మీద పళ్ళున్న దువ్వెన అలా వంకర్లు తిప్పుతూ లాగుతారు, ఆ పనే. ఆ దువ్వెన తీసుకెళ్ళి క్యాన్వాస్ మీద పెట్టాడు. పికాసోకీ నేర్పాడు. పికాసో ఏం చేశాడంటే, 1912లో "కవి" అని ఒక బొమ్మ వేస్తూ, చెక్క గీతల కోసం పుట్టిన ఆ దువ్వెనతో ఆ మనిషి జుట్టు, మీసం దువ్వేశాడు! పనిముట్టు పక్కవాడిదే, దాంతో చేసిన పని మాత్రం పక్కవాడికి తట్టనిది. మీరూ ఆయన వాష్ తీసుకున్నారు సరే, దాన్ని ఆయన వేసే ఎండల మీద, ఆయన వేసే గోడల మీదే వాడుతున్నారేమో ఒకసారి చూసుకోండి, చిక్కంతా అక్కడే ఉందని నా అనుమానం.

తడికాగితం:
దువ్వెన సంగతి అదిరింది అండీ, నాకు తెలీదు. కానీ వాళ్ళిద్దరూ ఒప్పుకుని కలిసి చేసిన పని కదా, మా గ్రూపాయనతో నాకలాంటి ఒప్పందమేం లేదు. పైగా ఆయన సీనియర్, నేను నిన్నమొన్న మొదలెట్టినవాణ్ణి.

నీలిమందు:
గోదారిగట్టు గారు చెప్పినంత తీపిగా ఏం లేదు ఆ స్నేహం 🙂 అదే 1912లో, పికాసో పారిస్ వెళ్ళిన టైంలో బ్రాక్ అవిన్యోన్ అనే ఊళ్ళో ఒక షాపులో చెక్క డిజైన్ ప్రింట్ చేసిన వాల్‌పేపర్ కొనుక్కొచ్చి, ముక్కలు కత్తిరించి బొగ్గు డ్రాయింగ్ మీద అతికించాడు, కాగితం అతికింపు బొమ్మలు అలా మొదలయ్యాయి. ఇప్పుడు ఎవర్నైనా అడగండి, అన్నీ పికాసో ఖాతాలోనే వేస్తారు. పేరున్నోడికే పేరొస్తది. అందుకని తడికాగితం గారి బాధ నాకు తప్పనిపించట్లేదు, రేపు మీకు ఫాలోయర్లు పెరిగి ఆయన అక్కడే ఉండిపోతే ఆయనకెలా ఉంటుందో ఆలోచించండి.

గోదారిగట్టు:
నిజమే కానీ సగమే చెప్పారు. అంతకు కొన్ని నెలల ముందే పికాసో కుర్చీ అల్లిక డిజైన్ ఉన్న ఆయిల్‌క్లాత్ ముక్క బొమ్మలో అతికించాడు, బ్రాక్ కాగితం దాని తర్వాతే. ఎవడి దగ్గర్నుంచి ఎవడు తీసుకున్నాడో లెక్క తేల్చడం మొదలెడితే తెల్లారిపోద్ది. ఇంకోటి, ఆ అక్టోబర్‌లోనే పికాసో బ్రాక్‌కి ఉత్తరం రాశాడు, నీ కొత్త కాగితం పద్ధతులు వాడుతున్నా అని. దాచుకోలేదు. మీరూ ఆయనకి ఒక మాట చెప్పేయండి, సార్ మీ వాష్ చూసి నేర్చుకున్నా అని. ఒప్పందం అంటే అంతకన్నా ఏముంటది. పోస్ట్ కింద కూడా ఆయన పేరు రాస్తే "ఆయనదా" అని అడిగేవాళ్ళకి ఇక పనుండదు.

బొమ్మలక్క:
స్నేహం లేకపోయినా తీసుకోవచ్చు తమ్ముడూ. మతీస్ అని ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు, ఆయనకీ పికాసోకీ ఒకళ్ళంటే ఒకళ్ళకి గుండెల్లో మంట, అయినా 1907లో బొమ్మలు మార్చుకున్నారు. మతీస్ తన కూతురు మార్గరెట్ బొమ్మ ఇచ్చాడు, పసిపిల్లలు గీసినట్టు ముక్కు పక్కకి తిప్పి, పేరు పెద్ద అక్షరాల్లో పైన రాసి ఉంటది. పికాసో స్నేహితులు దాని మీద పిల్లలాడుకునే బాణాలు విసిరి నవ్వుకునేవాళ్ళని చెప్తారు. అంత వెటకారం చేసిన బొమ్మని పికాసో వదిలించుకున్నాడా అంటే లేదు, చివరిదాకా దగ్గరే పెట్టుకున్నాడు, ఇప్పుడు పారిస్‌లో ఆయన మ్యూజియంలోనే ఉంది. 1954 నవంబర్లో మతీస్ పోయాడు, డిసెంబర్లో పికాసో అల్జీర్స్ ఆడవాళ్ళ సీరీస్ ఎత్తుకుని ఫిబ్రవరికల్లా 15 వేశాడు. మూలం అంతకు ముందు శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు దెలాక్రవా బొమ్మే, కానీ అలా వాలి పడుకున్న ఆడవాళ్ళు, ఆ రంగులు మతీస్ సొత్తు, మతీస్ నాకు వదిలిపెట్టి వెళ్ళాడని పికాసో తనే చెప్పుకున్నాడు. కాబట్టి చూడు, బాగా చూడు. కాకపోతే ఫోన్లో అయిపోయిన బొమ్మ చూడ్డం వేరు, పక్కన కూర్చుని బ్రష్‌లో ఎన్ని నీళ్ళు పట్టాడో చూడ్డం వేరు, నీకు రెండోది దొరికింది, మానేస్తానంటావేంటి!

చార్‌కోల్‌గాడు:
సరే సరే నా ఆర్నెల్ల స్కీమ్ వెనక్కి తీసుకుంటున్నా 😄

తడికాగితం:
థాంక్స్ అందరికీ. ఆదివారం ఆయనకి చెప్తా. ఆయన పొద్దుటిపూట తప్ప వేయడు, అందుకే అదే వాష్‌తో రాత్రి చాయ్ బండ్లు వేసి చూద్దామని ఉంది. రాత్రిపూట బయట కూర్చుని వేసినవాళ్ళెవరైనా ఉంటే లైటింగ్ సంగతి చెప్పండి.

బొమ్మలక్క:
బోర్డుకి తగిలించే క్లిప్ లైట్ కొనుక్కో, తెల్లదే తీసుకో. పసుపు లైట్ కింద కలిపిన గ్రే పొద్దున్నే చూస్తే నీలంగా తేలుతుంది. బల్బుల చోట మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా పేపర్ మీద పూసే జిగురు) ఇంట్లోనే పెట్టేసుకుని వెళ్ళు, అక్కడ ఆరేదాకా కూర్చుంటే బండి కట్టేస్తారు.