థాంక్స్‌గివింగ్ టర్కీకి అడ్డదారులు: ఏది పనికొస్తుంది, ఏది పాడుచేస్తుంది?

కొలతచెంచా:
నవంబర్ నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దగ్గరపడేకొద్దీ అమెరికాలో ఉన్న మనవాళ్లు అడిగేది ఒకటే. 12 పౌన్ల టర్కీ కోడిని మొత్తంగా వండాలి, బుధవారం సాయంత్రం దాకా ఆఫీసు, ఇంట్లో ఒక్కటే ఓవెన్. రెండు రోజులు ఉప్పునీళ్లలో నానబెట్టి, అరగంటకోసారి తలుపు తీసి వెన్న పోసే ఓపిక, తీరిక లేవు. ఏ అడ్డదారి పట్టాలి?

నా మాట సూటిగా చెప్తాను: ఓవెన్ బ్యాగ్ (ఓవెన్ వేడికి తట్టుకునే ప్లాస్టిక్ సంచి) చాలు, మిగతావేవీ అక్కర్లేదు. పద్ధతి ఇది (డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే). టర్కీ సైజు బ్యాగులో ఒక టేబుల్ స్పూన్ మైదా వేసి బాగా విదిలించాలి. మైదా మానేస్తే కొవ్వు, నీరు కలవక ఒక్కసారిగా ఉడుకెత్తి బ్యాగు పగలొచ్చు. రెండంగుళాల లోతైనా ఉన్న ట్రేలో పెట్టి మూతి కట్టేసి, పైభాగంలో అరంగుళం చొప్పున ఆరు గాట్లు పెట్టాలి. 350 డిగ్రీలు. 12 నుంచి 16 పౌన్లకి రెండు నుంచి రెండున్నర గంటలు. బ్యాగు ఉబ్బుతుంది కాబట్టి ఓవెన్ గోడలకీ, పైనున్న కడ్డీకీ తగలకుండా ముందే చోటు చూసుకోవాలి. వెన్న పోయడం లేదు, ఓవెన్‌లో జిడ్డు చిమ్మడం లేదు, గ్రేవీకి కావలసిన రసమంతా అడుగునే దొరుకుతుంది.

ముక్కలపులుసు:
అది వేయించడం కాదండీ, ఆవిరి మీద ఉడకబెట్టడం. బ్యాగులో తేమ బయటికి పోదు. తేమ పోకపోతే స్కిన్ కరకరలాడదు, మెత్తగా సాగుతుంది. టర్కీ మొత్తంగా వండేదే ఆ స్కిన్ కోసం. అది లేనప్పుడు ముక్కలు కొట్టించి ఇగురు పెట్టుకోవచ్చు కదా.

నిజంగా టైమ్ మిగిల్చేది వెన్నెముక తీసేసి పరిచి కాల్చడం, అదే స్పాచ్‌కాక్. బలమైన కత్తెరతో వెన్నెముకకి రెండు పక్కలా తోక నుంచి మెడ దాకా కత్తిరించి తీసేయాలి. బ్రెస్ట్ పైకి వచ్చేలా తిప్పి పెట్టి, రెండు అరచేతులతో బ్రెస్ట్ ఎముక మీద గట్టిగా నొక్కితే పటుక్కున విరిగి చదునవుతుంది. కాళ్లు బయటికి తిప్పి, రెక్కల కొసలు కిందికి మడిచి, అంచున్న పెద్ద ట్రేలో జాలీ మీద పెట్టి 425 డిగ్రీల్లో కాల్చాలి. 12 పౌన్లది గంటా ఇరవై నిమిషాల నుంచి గంటన్నరలో అయిపోతుంది. మామూలుగా 325లో మూడు గంటలు పట్టేది ఇది!

త్వరగా అవడం ఒక్కటే కాదు లాభం. మామూలు పద్ధతిలో కాళ్లు, తొడలు కిందికి ముడుచుకుని దాక్కుంటాయి, బ్రెస్ట్ పైకి వేడికి ఎదురుగా ఉంటుంది. అందుకే తొడ ఉడికేలోపు బ్రెస్ట్ పిప్పి అయిపోతుంది. పరిచేస్తే తొడలు ట్రే అంచుల్లో వేడికి వస్తాయి, మందం అంతటా ఇంచుమించు ఒకటే అవుతుంది. తీసేసిన వెన్నెముక, మెడ నీళ్లలో వేసి మరిగిస్తే గ్రేవీకి స్టాక్ సిద్ధం.

కొలతచెంచా:
14 పౌన్లు దాటితే ఏ ట్రేలో పరుస్తారు? 18 అంగుళాలకి 13 ఉన్న ట్రేలో కాళ్లు బయటికి వేలాడతాయి. కారిన కొవ్వు ఓవెన్ అడుగున పడి పొగ లేస్తుంది. అపార్ట్‌మెంట్‌లో పొగ అలారం మోగిందంటే పండగ అక్కడితో సరి.

ముక్కలపులుసు:
14 దాటిన టర్కీకి నేనూ ఈ పద్ధతి చెప్పను. పొగకి మాత్రం మందు ఉంది: జాలీ కింద ఉల్లిపాయ, క్యారట్, సెలరీ ముక్కలు పరిచి ఒక కప్పు నీళ్లు పోస్తే కొవ్వు మాడదు. నీళ్లు ఇంకితే మళ్లీ పోయాలి.

ఉప్పుకారం:
మసాలా సంగతి ఎవరూ ఎత్తలేదు. అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, కారం పట్టించి 425లో పెట్టొచ్చా?

సన్నసెగ:
పైన పట్టిస్తే మాడి చేదవుతుంది. వెల్లుల్లి, పెరుగులోని పాలచక్కెర, కారం మూడూ ఆ వేడికి ముందే నల్లబడతాయి. ముద్ద వెళ్లాల్సింది స్కిన్ కింద. మెడ వైపు నుంచి వేళ్లు పెట్టి చినగకుండా స్కిన్ వదులు చేసి, మెత్తబడిన వెన్నలో అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి, గరం మసాలా కలిపి లోపల రుద్దండి. పైన నూనె, ఉప్పు తప్ప ఏమీ వద్దు. పెరుగు తప్పదంటే బ్యాగు పద్ధతికి వెళ్లండి, 350లో ఆవిరి మీద అది మాడదు. మన మసాలాకి బ్యాగు నప్పేది అందుకే. ముక్కలపులుసు గారు ఒప్పుకోకపోయినా ఇది నిజం.

ఇక ఉప్పు. చాలామంది టర్కీని చెడగొట్టుకునేది ఇక్కడే. కొనేటప్పుడు కవరు మీది చిన్న అక్షరాలు చదవాలి. ఇన్ని శాతం ఉప్పునీటి ద్రావణం కలిపామని రాసి ఉంటే, లోపలికి ఉప్పు ముందే ఎక్కించేశారన్నమాట. మామూలు ఫ్రోజెన్ టర్కీలు చాలా వరకు ఇలాంటివే. దానికి మళ్లీ ఉప్పు పట్టించినా, ఉప్పునీళ్లలో నానబెట్టినా మాంసం ఉప్పుకషాయం, గ్రేవీ నోట్లో పెట్టలేం. అలాంటిదానికి మసాలా ముద్ద ఉప్పు లేకుండా కలపాలి. కోషర్ టర్కీకి (యూదుల ఆచారం ప్రకారం తయారుచేసినదానికి) కూడా ఉప్పు ముందే పట్టిస్తారు. ఏమీ కలపని టర్కీ అయితే 12 పౌన్లకి మెత్తటి ఉప్పు ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, రవ్వలా ఉండే కోషర్ ఉప్పు అయితే మూడు. ముందు రోజు రాత్రి పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెడితే స్కిన్ ఆరుతుంది, కాల్చినప్పుడు కరకరలాడుతుంది. రెండు నిమిషాల పని, బకెట్ అక్కర్లేదు. నన్నడిగితే అన్నింటికన్నా మంచి అడ్డదారి ఇదే.

వరంగల్_టు_డాలస్:
అన్నా, అసలు కష్టం వేరే ఉంది. బుధవారం రాత్రి చూస్తే టర్కీ ఇంకా రాయిలెక్క ఉంటది. ఫ్రిజ్‌ల గడ్డ కరగాలంటే నాలుగైదు పౌన్లకు ఒక దినం. 12 పౌన్లకు మూడు దినాలు. సోమవారమే ఫ్రీజర్ల నుంచి తియ్యకపోతే ఇంకేం చేస్తరు? రాత్రంత సింకుల పెట్టి పంటరు. అది మాత్రం చెయ్యొద్దు. 40 డిగ్రీలు దాటినంక పైమాంసంల బ్యాక్టీరియా పెరుగుతనే ఉంటది, లోపల మాత్రం గడ్డ అట్లనే ఉంటది.

చల్లనీళ్లల్ల అయితే పౌనుకు అరగంట. అరగంటకోపారి నీళ్లు మార్చాలె, కవరు లీకు ఉండొద్దు, కరిగినంక వెంటనే వండాలె. 12 పౌన్లకు ఆరు గంటలు పాయె. అండ్ల మూడు గంటల కాల్చుడు కలిపితే తొమ్మిది. పొద్దుగాల ఆరింటికి లేస్తే మూడింటికి తింటరు.

దానికన్న గడ్డతోనే ఓవెన్ల పెట్టుడు మేలు. అమెరికా వ్యవసాయ శాఖ సుత ఇది సేఫే అంటది. టైమ్ మాత్రం సగం ఎక్కువ పడ్తది. 325 డిగ్రీలల్ల 12 నుంచి 14 పౌన్లకు నాలుగున్నర నుంచి ఐదున్నర గంటలు. 325 కన్న తక్కువల పెట్టొద్దు.

కొలతచెంచా:
బయట మాడి, లోపల పచ్చిగా ఉండదా?

వరంగల్_టు_డాలస్:
ఉండదు. అండ్లనే ఉంది అసలు సంగతి. కాళ్లు, తొడలు సన్నగుంటయి, వాటి గడ్డ ముందు కరుగుతది. బ్రెస్ట్ మందం, గంటల తరబడి మంచు పట్టుకొని ఉంటది. అందుకే తొడ ముందు వేడెక్కుతది, బ్రెస్ట్ వెనక వస్తది. తొడ 175కు వచ్చేసరికి బ్రెస్ట్ 165 దగ్గర ఆగుతది. మనకు కావాల్సింది అదే కద! కరిగించిన టర్కీల దీనికి ఉల్ట ఐతది.

చేసే తీరు చెప్త. అంచు పొట్టిగున్న ట్రేల జాలీ మీద పెట్టాలె, చుట్టూ వేడిగాలి తిరగాలె. లోతు గిన్నెల పెడితే కిందిభాగం ఎన్కపడ్తది. మొదటి రెండున్నర గంటలు ముట్టొద్దు. మంచు మీద ఉప్పుకారం రుద్దితే నిలవదు, జారిపోతది. పైభాగం మెత్తబడ్డంక నూనె, మసాలా పూయాలె. మూడు గంటలప్పుడు పొట్టల, మెడల చూసి గుండె, కందనకాయ, కార్జం ఉన్న సంచి పట్టకారుతో గుంజి తియ్యాలె. కాగితం సంచి అయితే ఫికర్ లేదు. ప్లాస్టిక్‌ది కరిగినట్టు కనపడితే ఆ టర్కీ తినొద్దు. పొట్టల స్టఫింగ్ (బ్రెడ్డు, కూరగాయ ముక్కలు కూరుడు) అస్సలు వద్దు. ఇది ఓవెన్ పని ఒక్కటే. పొయ్యి మీద, గ్రిల్ మీద, పొగ పెట్టుడుల, స్లో కుక్కర్ల గడ్డ టర్కీ పెట్టొద్దు.

ముక్కలపులుసు:
ఐదున్నర గంటలు ఒక్కటే ఓవెన్‌ని ఆక్రమిస్తే మిగతా వంటలు ఎక్కడ చేస్తారు తమ్ముడూ? ఉన్నదే ఒక్కటని మొదట్లోనే చెప్పారు. ఉప్పు లోపలికి పట్టే టైమూ ఉండదు. ముందే ఉప్పు ఎక్కించిన టర్కీకైతే పర్వాలేదు, ఏమీ కలపనిదైతే చప్పగా ఉంటుంది. దీన్ని ఆఖరి దారిగా చెప్పండి, ఒప్పుకుంటాను.

వరంగల్_టు_డాలస్:
చప్పగ ఉండుడు నిజమే, గ్రేవీల ఉప్పు పెంచాలె. కని బుధవారం రాత్రి గడ్డ టర్కీ చేతిల ఉన్నోళ్లకు ఇదే మొదటి దారి.

ఉప్పుకారం:
గడ్డ టర్కీని నూనెలో డీప్ ఫ్రై చేస్తే? 350 డిగ్రీల నూనెలో పౌనుకి మూడు నాలుగు నిమిషాలే అంటారు కదా.

సన్నసెగ:
వద్దు. ఈ ఒక్క విషయంలో చర్చ లేదు. మంచు వేడి నూనెలో పడగానే ఆవిరై వందల రెట్లు ఉబ్బి నూనెని గిన్నె బయటికి తోసేస్తుంది. కింద గ్యాస్ మంట ఉంటుంది. థాంక్స్‌గివింగ్ రోజు అమెరికాలో ఇళ్లలో వంట మూలంగా లేచే మంటలు ఏడాదిలో కెల్లా ఎక్కువ. జాతీయ అగ్నిమాపక రక్షణ సంఘం నూనెలో ముంచే టర్కీ ఫ్రయ్యర్లు అసలే వాడొద్దంటుంది. పూర్తిగా కరిగిన టర్కీ పొట్టలో మిగిలిన కాసిని నీళ్లకే నూనె పొంగుతుంది. రుచి అదే కావాలంటే నూనె లేకుండా పక్కల నుంచి వేడి తగిలించే ఫ్రయ్యర్లు దొరుకుతాయి, పౌనుకి పది నిమిషాలు చొప్పున పడుతుంది. గ్యాస్‌తో నడిచేవి పెరట్లోనే వాడాలి.

గోంగూరకట్ట:
అందరూ మొత్తం టర్కీ అనే పట్టుకుని కూర్చున్నారు. నలుగురైదుగురున్న ఇంటికి 12 పౌన్లు ఎందుకు? మనిషికి పౌను, మహా అయితే పౌనున్నర లెక్క. ఎముకతో ఉన్న బ్రెస్ట్ ఒకటి, తొడలు నాలుగు విడిగా కొనండి. ఏది ఉడికితే అది తీసేయొచ్చు. ఇంతకన్నా దగ్గరదారి లేదు.

ఆరు క్వార్ట్‌ల ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో) ఐదు పౌన్ల బ్రెస్ట్ పడుతుంది, మొత్తం టర్కీ మాత్రం పట్టదు. కప్పు నీళ్లు, స్టాండ్, హై ప్రెషర్‌లో పౌనుకి ఆరు నిమిషాలు, ఆవిరి పావుగంట దానంతట అదే దిగాలి. తర్వాత ఓవెన్ పైమంట కింద ఐదు నిమిషాలు పెడితే స్కిన్ రంగు తిరుగుతుంది. అయినా బ్రెస్ట్‌కి ప్రెషర్ నప్పదనే నా నమ్మకం. లోపలి ఆవిరి 240 దగ్గర ఉంటుంది, నడిమధ్య 165కి వచ్చేలోపు పైపొర గట్టిపడుతుంది.

తొడలకి మాత్రం దాన్ని మించింది లేదు. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేయించి, తొడలు వేసి, అరగంట ప్రెషర్ పెట్టి, మూత తీసి దగ్గరపడే దాకా వేయిస్తే మంచి ఇగురు. కోడి తొడకన్నా టర్కీ తొడలో కండని పట్టి ఉంచే పీచు ఎక్కువ, అది కరిగి గ్రేవీని చిక్కబరుస్తుంది. కాలి ముక్కలు తీసుకోకండి. కింది కాలిలో కండని ఎముకకి కట్టే స్నాయువులు ముదిరి ఎముకల్లా గట్టిపడతాయి, ఎంత ఉడికించినా గుచ్చుకుంటాయి.

కొలతచెంచా:
అక్కా, ఇగురు బాగుంటుంది, కాదనను. కానీ బల్ల మధ్యలో పెట్టి కోసుకునే పండగకి అది బదులు కాదు. పిల్లలు స్కూల్లో బొమ్మ వేసుకొచ్చింది మొత్తం టర్కీనే కదా!

ఉప్పుకారం:
నా టర్కీకి ప్లాస్టిక్ బటన్ గుచ్చి వచ్చింది. అది పైకి లేస్తే అయిపోయినట్టేనా?

ముక్కలపులుసు:
నమ్మొద్దు. లోపల ఒక స్ప్రింగు, దాన్ని పట్టి ఉంచే లోహపు చుక్క ఉంటాయి. ఆ చుక్క కరిగితే బటన్ లేస్తుంది. బ్రెస్ట్‌లో ఒక్క చోట సంగతే దానికి తెలుస్తుంది, అదీ తరచు 165 బాగా దాటాక. లోపలి తొడ గురించి ఏమీ చెప్పదు. ఇక్కడ అడ్డదారి లేదు, సూది థర్మామీటర్ కొనాల్సిందే. మూడు చోట్ల గుచ్చాలి: బ్రెస్ట్‌లో బాగా మందమైన చోట, తొడ లోపలి వైపు, రెక్క మొదట్లో. సూది మొన ఎముకకి తగిలితే తప్పు అంకె చూపిస్తుంది. మూడు చోట్లా 165 తప్పనిసరి. తొడ 175కి వెళ్తే ఇంకా మంచిది, అప్పుడే పీచు కరుగుతుంది. బ్రెస్ట్ 160లో తీసినా, 20 నిమిషాలు పక్కన పెడితే దానంతట అదే ఐదు డిగ్రీలు ఎక్కుతుంది. ఎక్కిందో లేదో మళ్లీ గుచ్చి చూసి కోయాలి.

సన్నసెగ:
బ్యాగు వాడేవాళ్లు గాట్లలోంచి గుచ్చొచ్చు. స్కిన్ కావాలంటే చివరి 25 నిమిషాలకి పైభాగం కత్తిరించి తెరవండి. మొహం మీదికి ఆవిరి కొడుతుంది, చేయి దూరంగా పెట్టండి.

ముక్కలపులుసు:
తెరిచినా రంగు వస్తుంది తప్ప కరకర రాదు. రెండు గంటలు ఆవిరిలో నానింది 25 నిమిషాల్లో ఆరదు.

గోంగూరకట్ట:
ఇంకో సంగతి. మనవాళ్లు చాలామంది వండి వేరే ఇంటికి పాట్‌లక్‌కి (తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే విందుకి) తీసుకెళ్తారు. అలాంటప్పుడు కరకర గురించి కొట్టుకోవడం దండగ. ఫాయిల్ చుట్టి కార్లో పెడితే ఎవరి టర్కీ అయినా మెత్తబడుతుంది. ఇంట్లోనే కోసేయండి. బ్రెస్ట్ ముక్కలు అడ్డంగా, అరంగుళం మందంలో. లోతు తక్కువ ట్రేలో పరిచి, వేడి స్టాక్ ఒక కప్పు పోసి, ఫాయిల్ బిగించి, దుప్పటిలో చుట్టి తీసుకెళ్లండి. అక్కడ 325లో ముక్క మళ్లీ 165కి వచ్చేదాకా వేడిచేస్తే చాలు. ఓవెన్ లోంచి తీసిన దగ్గర నుంచి రెండు గంటల్లోపు తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒకే అల్యూమినియం ట్రేలో మొత్తం టర్కీ ఎత్తితే అడుగు వంగి వేడి రసం కాళ్ల మీద పడుతుంది, కింద గట్టి బేకింగ్ ట్రే పెట్టి ఎత్తండి.

కొలతచెంచా:
పాట్‌లక్‌కైతే బ్యాగే, ఇప్పుడైనా ఒప్పుకోండి ముక్కలపులుసు గారూ.

ముక్కలపులుసు:
పాట్‌లక్‌కి ఒప్పుకుంటా. ఇంట్లో తినేదానికి కత్తెర తీయాల్సిందే.