ఐస్‌డబ్ల్యూఎంలో వైఫై గుర్తు రావట్లేదు, తెలుగు టైపింగ్ కూడా పోయింది

ప్రశ్న: అన్నా ఒక డౌటు. మా చెల్లి పాత ల్యాప్‌టాప్, 2 జీబీ ర్యామ్, డెబియన్ లినక్స్‌లో పెద్ద డెస్క్‌టాప్ ఉన్నప్పుడు బాగా స్లో అయిపోతోందని ఐస్‌డబ్ల్యూఎం అనే తేలికైన విండో మేనేజర్ వేశా. ఇప్పుడు చకచకా తెరుచుకుంటోంది కానీ కింద బార్‌లో వైఫై గుర్తు లేదు, ఆల్ట్ షిఫ్ట్ నొక్కినా తెలుగు రావట్లేదు. లాగిన్ అవగానే నడిచే స్టార్టప్ ఫైల్లో ముందు ఎన్ఎం యాప్లెట్ (వైఫై గుర్తు చూపించేది), దాని కింద సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ (కీబోర్డు భాష పెట్టేది) రాశా, రెండుసార్లు రీబూట్ కూడా చేశా. తను నోట్సంతా తెలుగులోనే రాసుకుంటుంది, కొంచెం చెప్పండి.

జవాబు: తమ్ముడూ, విండో మేనేజర్ కిటికీల సంగతే చూస్తుంది, వైఫై, కీబోర్డు లాంటివి మనమే పిలుచుకోవాలి, కాబట్టి నువ్వు వెళ్ళిన దారి కరెక్టే. ముందు లాగిన్ స్క్రీన్ చూడు, అక్కడ ఐస్‌డబ్ల్యూఎం అని ఒకటి, ఐస్‌డబ్ల్యూఎం సెషన్ అని ఇంకొకటి ఉంటాయి, స్టార్టప్ ఫైల్‌ని నడిపేది ఆ సెషనే, రెండోది ఎంచుకో. తర్వాత ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి పర్మిషన్స్‌లో ఎగ్జిక్యూట్‌కి, అంటే నడిపే అనుమతికి, టిక్ ఉందో లేదో చూడు, అది లేకపోతే ఎర్రర్ కూడా చూపించకుండా వదిలేస్తుంది. నేను కూడా దీని దగ్గరే ఒక సాయంత్రమంతా కూర్చున్నా.

ప్రశ్న: టిక్ లేదన్నా, పెట్టా, సెషన్ కూడా మార్చా. వైఫై వచ్చేసింది! తెలుగు మాత్రం ఇంకా రాలేదు.

జవాబు: ఎన్ఎం యాప్లెట్ లైను చివర & గుర్తు పెట్టావా? అది లేకపోతే యాప్లెట్ మూసేదాకా స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది, కింది లైను దాకా రాదు. ఇంకోటి, సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ లైనులో లేఅవుట్ దగ్గర యూఎస్ (ఇంగ్లీషు), కామా, ఐఎన్ (ఇండియా) రాస్తాం కదా, వేరియంట్ దగ్గర ముందు కామా పెట్టి ఆ తర్వాతే టెల్ (తెలుగు) రాయాలి, ఎందుకంటే మొదటిది ఇంగ్లీషుది, దానికి ఖాళీ వదలాలి. ఆ కామా మర్చిపోతే టెల్ వెళ్ళి ఇంగ్లీషుకి తగులుకుంటుంది, ఏదీ పనిచేయదు. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్ టెలు ప్యాకేజీ వేసుకో. ర్యామ్ సంగతంటావా, ఐస్‌డబ్ల్యూఎం తినేది పదుల ఎంబీల్లోనే, అసలు మింగేది బ్రౌజరు, అందుకని ట్యాబులు తక్కువ తెరవమని చెల్లికి చెప్పు.

ప్రశ్న: & లేదు, కామా కూడా లేదు అన్నా, రెండూ పెట్టి లాగౌటయి మళ్ళీ లాగిన్ అయ్యా, ఆల్ట్ షిఫ్ట్ కొట్టగానే తెలుగు పడింది. చాలా థాంక్స్, చెల్లి అప్పుడే నోట్సు మొదలెట్టేసింది.