స్టూడెంట్స్ నడిపే డిజైన్ ఆఫీసుకి గోల్స్ ఏం పెట్టుకోవాలి?

బెజవాడ_బీఆర్క్:
అందరికీ నమస్తే. నేను బీఆర్క్ ఫోర్త్ ఇయర్, మా కాలేజీ గుంటూరు వైపు. పదకొండు మందిమి కలిసి కాలేజీలోనే చిన్న డిజైన్ ఆఫీసులాంటిది పెడదాం అనుకుంటున్నాం, ఫీజు తీసుకోం, చుట్టుపక్కల ఊళ్లలో ఆర్కిటెక్ట్ గడప ఎప్పుడూ తొక్కనివాళ్లకి, అంగన్‌వాడీలకి, బడులకి డ్రాయింగ్స్ గీసిచ్చి వీలైతే దగ్గరుండి కట్టించాలని. సార్‌ని అడిగితే "మీ గోల్స్ ఒక పేజీలో రాసి పట్టుకురండి" అన్నారు. రాత్రంతా కూర్చుని రాశాం, తీరా చదువుకుంటే సమాజ సేవ, పర్యావరణం, సాధికారత... ఏ కాలేజీ బ్రోషర్‌లో అయినా ఉండే మాటలే. నిజంగా ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్. ఇంకో డౌటు, ఆర్కిటెక్ట్‌గా రిజిస్ట్రేషన్ లేకుండా మేం గీసివ్వొచ్చా?

అట్లాంటా_తెలుగోడు:
తమ్ముడూ, మా పక్క రాష్ట్రం అలబామాలో హేల్ కౌంటీ అని ఉంది, బాగా పేద ప్రాంతం. ఆబర్న్ యూనివర్సిటీ వాళ్ల రూరల్ స్టూడియో అక్కడే, 1993లో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు మొదలుపెట్టారు. నేను రెండుసార్లు వెళ్లి చూసొచ్చా. స్టూడెంట్సే సొంతంగా నడిపేది అనలేం, ప్రొఫెసర్లు ఉంటారు, కానీ గీసేదీ కట్టేదీ పిల్లలే. మొదట్లో గడ్డి మోపుల గోడల్లాంటివాటితో ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇల్లు కట్టారు, పాత టైర్లతో ఒక చిన్న చర్చి కూడా. 2005లో లెక్క మార్చారు, సామాను కూలీ అంతా కలిపి 20,000 డాలర్లలో ఇల్లు పూర్తవ్వాలని. ఆ అంకె ఊరికే అనుకున్నది కాదు, ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ మీద బతికే మనిషి నెలనెలా లోన్ ఎంత కట్టుకోగలడో చూసి పెట్టింది. గోల్ అంటే అలా ఉండాలి అని నాకనిపించింది, ఒక మనిషి జేబు చూసి రాసుకున్నది.

ఇంకోటి, మాక్‌బీ 2001లో పోయారు, అయినా స్టూడియో ఆ ఊళ్లు వదల్లేదు. న్యూబర్న్ అని చిన్న ఊళ్లో ఫైర్ స్టేషన్, టౌన్ హాల్, లైబ్రరీ అన్నీ ఒక్కో బ్యాచ్ కట్టిందే. ఒక బ్యాచ్ కట్టినదాంట్లో తప్పులు తర్వాతి బ్యాచ్ కళ్లారా చూస్తుంది. మీరు పది ఊళ్లు పెట్టుకోకండి, ఒక్కటి పట్టుకోండి.

మేస్త్రీగారమ్మాయి:
అట్లాంటా అన్న చెప్పిన చివరి ముక్క నాకు అనుభవం. మేం థర్డ్ ఇయర్‌లో ఒక అంగన్‌వాడీకి ర్యాంపు గీశాం. అరుగు ఎత్తు రెండు అడుగులు, ఒకటికి పన్నెండు వాలు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు లెక్కన ఇరవై నాలుగు అడుగులు కావాలి, ముందున్న జాగా పదిహేనే, అందుకని మధ్యలో మలుపు పెట్టి వెనక్కి తిప్పాం. డ్రాయింగ్ చక్కగా వచ్చింది, ఇచ్చేశాం, సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, ఇంకెవరం వెళ్లలేదు. రెండు నెలల తర్వాత వెళ్తే ఎనిమిది అడుగుల్లో తిన్నగా పోసేసుంది. ఒకావిడ పాపని వీల్‌చైర్‌లో దించుతోంది, కుర్చీ వెనక్కి తిప్పి, చక్రం జారకుండా మోకాలు అడ్డం పెట్టి, ఒక్కో జానెడూ. నాకు ఏడుపొచ్చింది. మేస్త్రీని అడిగితే "అంత పొడవెందుకో నాకెవరూ చెప్పలేదమ్మా, సిమెంటు మిగులుద్దని తగ్గించా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మా నాన్న కూడా తాపీ మేస్త్రీయే, కాగితం మీద గీత కంటే మనిషి నోటిమాట వాళ్లకి ముఖ్యం, అది తెలిసి కూడా నేను వెళ్లలేదు.

అందుకే నేనైతే మొదటి గోల్ ఇలా రాస్తా: పని అయిపోయేదాకా మా మనిషి ఒకరు సైట్‌లో ఉంటారు, పరీక్షలున్నా సరే. రెండోది, ప్రతి సైట్‌కి ఒక నోట్‌బుక్, కొలతలు, ఎవరితో ఏం మాట్లాడారు, ఏం మారింది, ఎందుకు మారింది, అన్నీ రాసి జూనియర్స్‌కి వాళ్లని సైట్‌కి తీసుకెళ్లి మరీ అప్పజెప్పాలి. మీరు వచ్చే ఏడాది వెళ్లిపోతారు, ఊరు అక్కడే ఉంటుంది.

ప్లాన్_అప్రూవల్:
రిజిస్ట్రేషన్ సంగతి చెప్తా. 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం రిజిస్టర్ కానివాళ్లు 'ఆర్కిటెక్ట్' అని పేరు పెట్టుకోకూడదు. గీయడమే నేరం అని కాదు, 2020లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టంలోని సెక్షన్ 37 ఆ పేరు వాడుకోవడం గురించేనని చెప్పింది. కాబట్టి బోర్డు మీద 'ఆర్కిటెక్ట్స్' అని రాయొద్దు. మున్సిపాలిటీ అప్రూవల్‌కి వెళ్లే ప్లాన్‌కి మాత్రం లైసెన్స్ ఉన్నవాళ్ల సంతకం కావాలి, రిజిస్టర్డ్ ఫ్యాకల్టీ ఒకరిని ముందే ఒప్పించుకోండి. స్లాబు, కాలమ్స్ జోలికి స్ట్రక్చరల్ ఇంజినీర్ లేకుండా అస్సలు వెళ్లొద్దు, పిల్లలు కూర్చునే చోటు అది.

బెజవాడ_బీఆర్క్:
అందరికీ థ్యాంక్స్, అక్కా మీది చదివి మా గ్రూపులో చాలాసేపు ఎవరూ ఏం మాట్లాడలేదు. పేజీ చింపేసి మళ్లీ రాశాం, ఒక్క ఊరు, మూడేళ్లు, ప్రతి పనికి సైట్‌లో ఒక మనిషి. మొదటి పని అక్కడి బడి రేకుల షెడ్డుకి వేడి తగ్గించడం, పైన తెల్ల సున్నం వేసి ముందూ తర్వాతా థర్మామీటర్ పెట్టి చూద్దామని. ఆదివారం టేపు పట్టుకుని వెళ్తున్నాం. ఆ ఊరి మేస్త్రీ గారితో ముందే మాట్లాడాలంటే ఎప్పుడు దొరుకుతారు?

మేస్త్రీగారమ్మాయి:
పొద్దున్నే ఏడులోపు, టీ కొట్టు దగ్గర. పనిలోకి దిగాక ఆపకండి. డ్రాయింగ్ తీసుకెళ్లకుండా వెళ్లండి, ముందు ఆయన్నే షెడ్డు చూసి చెప్పమనండి.