అబ్బాయి బాస్కెట్‌బాల్ బాగా ఆడతాడు, కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)
అందరికీ నమస్కారం అండీ. విజయవాడ నుంచి కొత్తగా వచ్చాం. నాది హెచ్-1బీ (ఉద్యోగ వీసా), పిల్లలు హెచ్-4 (నా వీసా మీద ఆధారపడేది). అబ్బాయి అక్కడ 9వ తరగతి పూర్తి చేశాడు. 6 అడుగుల 2 అంగుళాలు, జిల్లా జట్టులో సెంటర్. ఇక్కడ మళ్లీ 9లో వేస్తే ఏడాది కలిసొస్తుందని ఒకరు చెప్పారు. పేరున్న డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీకే గురిపెట్టమంటారా? ఫీజు సంగతేంటి?

జవాబు (ప్లేనో)
ముందుగా చెప్పేది, మళ్లీ 9లో వేయకండి. ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంస్థ) లెక్కలో 9వ తరగతి మొదటిసారి ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడి నుంచే నాలుగేళ్ల గడువు నడుస్తుంది, అది విజయవాడైనా సరే. డివిజన్ 1కి కావాల్సిన 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కల్లాంటి ముఖ్య సబ్జెక్టులు) ఆ నాలుగేళ్లలోనే అవ్వాలి. గడువు దాటాక ఒక్క కోర్సు మాత్రం కలుపుకోనిస్తారు. టెక్సస్ స్కూలు ఆటలు చూసే యూఐఎల్ కూడా 9లో చేరినప్పటి నుంచి నాలుగేళ్లే ఆడనిస్తుంది. కలిసొస్తుందనుకున్న ఏడాదే చివర్లో చేటు చేస్తుంది.

16లో 10 కోర్సులు 12వ తరగతి మొదలయ్యేలోపు పూర్తవ్వాలి. వాటిలో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్సుల్లోవే ఉండాలి. ఆ ఏడింటి గ్రేడ్లు అక్కడితో ఖాయం, తర్వాత మళ్లీ చదివి పెంచుకోవడం కుదరదు. కోర్ జీపీఏ (ఈ కోర్సుల గ్రేడ్ల సగటు) డివిజన్ 1కి కనీసం 2.3, డివిజన్ 2కి 2.2. జిమ్, హెల్త్ లాంటివి ఈ లెక్కలోకి రావు. మీ స్కూల్లో ఏ కోర్సులకు ఆమోదం ఉందో ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ సైట్‌లో స్కూలు పేరు కొడితే వస్తుంది. కౌన్సెలర్‌ను కలిసేటప్పుడు ఆ జాబితా చేతిలో పెట్టుకెళ్లండి. విజయవాడ స్కూలు నుంచి 9వ తరగతి మార్కుల రికార్డు ముద్ర, సంతకాలతో ఇప్పుడే తెప్పించండి. మూడేళ్ల తర్వాత అడిగితే ప్రిన్సిపాల్ మారి ఉంటారు, మన ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ)
సెంటర్ అన్నారు చూడండి, ఆట పరంగా అసలు సమస్య అదే. మన దగ్గర పొడుగున్న పిల్లాణ్ని బుట్ట కింద నిలబెడతారు. ఇక్కడ కాలేజీలో 6-2 అంటే గార్డే, అంటే బయటి నుంచి బంతి నడిపించే ఆటగాడు. రెండు చేతుల డ్రిబ్లింగ్, మీద పడుతున్నా చూసి పాస్ ఇవ్వడం, దూరం షాట్ ఇప్పటి నుంచే రావాలి. ఇక్కడి హైస్కూల్ మూడు పాయింట్ల గీత 19 అడుగుల 9 అంగుళాలు. కాలేజీది 22 అడుగుల 1¾ అంగుళాలు, అంటే ఇండియాలో అలవాటైన ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంస్థ) దూరమే. స్కూలు గీత దగ్గరికి జరగనివ్వకండి, ఆ దూరం నుంచే సాధన చేయించండి.

ఇక కాలేజీ. పేరు పక్కన పెట్టి రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) చదవండి. జట్టు పేజీలో ఒక్కొక్కరి పక్కన ఎత్తు, పొజిషన్, ఏ సంవత్సరం, ఇంతకుముందు ఎక్కడ చదివాడు అన్నీ ఉంటాయి. గత మూడేళ్ల పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. హైస్కూళ్ల పేర్లకన్నా వేరే కాలేజీల పేర్లే ఎక్కువుంటే ఆ కోచ్ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) మీద ఆధారపడే మనిషి. అక్కడ 18 ఏళ్ల కుర్రాడు 22, 23 ఏళ్లవాళ్లను దాటి కోర్టులోకి రావాలి. ఆ పైన ఫ్రెష్‌మెన్‌కు (మొదటి ఏడాది వాళ్లకు) సగటున ఎన్ని నిమిషాలు దక్కాయో గణాంకాల్లో చూడండి. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, పంచేది మొత్తం 200 నిమిషాలే. ఎనిమిది తొమ్మిది మందికే అవి సరిపోతాయి. ఈ వయసులో ఆడకుండా బెంచీ మీద కూర్చుంటే ఆట మెరుగుపడదు. అందుకే పెద్ద పేరున్న జట్టు జెర్సీకన్నా నిమిషాలే ముఖ్యమని గట్టిగా చెబుతాను.

కింది స్థాయి కదా అని డివిజన్ 3ని చిన్నచూపు చూడకండి. మయామీ హీట్ అనే ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్టుకు ఆడిన డంకన్ రాబిన్‌సన్ మొదలుపెట్టింది విలియమ్స్ అనే డివిజన్ 3 కాలేజీలో. అక్కడి నుంచి మిషిగన్, ఆ తర్వాతే ఎన్‌బీఏ.

జవాబు (శాన్ హోసే)
డబ్బు, వీసా గురించి. డివిజన్ 3లోనూ ఐవీ లీగ్‌లోనూ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పాత యూనివర్సిటీలు) ఆట స్కాలర్‌షిప్‌లు ఉండవు, డివిజన్ 3లో చదువునూ ఆదాయాన్నీ బట్టి, ఐవీల్లో ఆదాయాన్ని బట్టే సాయం చేస్తారు. ప్రతి కాలేజీ సైట్‌లో ఉండే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మీ వివరాలు వేసి చూడండి. అయితే అది ఇక్కడి పౌరులను దృష్టిలో పెట్టుకుని లెక్క కట్టేది కావచ్చు, కాబట్టి హెచ్-4 వాళ్లకు ఎంత ఇస్తారో ఎయిడ్ ఆఫీసుకు (ఆర్థిక సాయం చూసే విభాగం) రాసి అడగండి. ఫెడరల్ సాయం హెచ్-4కు రాదు. డివిజన్ 2లో ఒక స్కాలర్‌షిప్‌ను ఒకరికన్నా ఎక్కువమందికి పంచడం మామూలే. 'స్కాలర్‌షిప్ వచ్చింది' అని కోచ్ అంటే ఎంత శాతం, ఎన్నేళ్లకు అని కాగితం మీద అడగండి. నోటిమాటకు విలువ లేదు.

21 నిండగానే హెచ్-4 పోతుంది. అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే డిగ్రీ మధ్యలో ఎఫ్-1కు (విద్యార్థి వీసా) మారాలి. ఎఫ్-1లో ఫుల్‌టైమ్ లెక్కకు ఒక ఆన్‌లైన్ కోర్సే చెల్లుతుంది. ప్రయాణాల సీజన్‌లో జట్టు సలహాదారు రెండు మూడు ఆన్‌లైన్ కోర్సులు వేసేస్తే స్టేటస్‌కే ముప్పు. ప్రకటనల డబ్బు, కాలేజీ ఇచ్చే వాటా లాంటి వాటికి సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను తప్పకుండా అడగండి. హెచ్-4 పిల్లలకు పనిచేసే హక్కు లేదు.

జవాబు (ప్లేనో)
ఇంకొకటి. డివిజన్ 1 కోచ్‌లు మెయిల్‌కు జవాబు రాయాలంటే 10వ తరగతి పూర్తయ్యాక వచ్చే జూన్ 15 దాకా ఆగాలి, అది నియమం. అప్పటిదాకా జవాబు రాకపోతే బెంగపడకండి. మెయిల్ అసిస్టెంట్ కోచ్‌కు వెళ్లాలి. సబ్జెక్ట్‌లోనే గ్రాడ్యుయేషన్ సంవత్సరం, పొజిషన్, ఎత్తు, జీపీఏ పెట్టండి. లోపల రెండు మూడు నిమిషాల వీడియో, జెర్సీ నంబరు, ఒక పూర్తి మ్యాచ్ లింకు చాలు. ఎత్తు బూట్లు లేకుండా కొలిచి రాయండి, పక్కన నిలబడగానే కోచ్‌కు తెలిసిపోతుంది.