గాయుస్ పేరుకు పొడి అక్షరం ‘సి’ ఎందుకు?

రోమ్ చూడ్డానికి వెళ్లిన మా చెల్లెలు నిన్నొక ఫోటో పంపింది. ఊళ్లో ఒక పిరమిడ్, అది క్రీ.పూ. మొదటి శతాబ్దపు చివర్లో కట్టిన సమాధి. రాతి మీద ‘సి’, చుక్క, ఆ పక్కన సెస్టియస్ అని చెక్కి ఉంది. చేతిలో ఉన్న పుస్తకంలోనేమో గాయుస్ సెస్టియస్ అని. “అన్నయ్యా, చెక్కినవాడు తప్పు చేశాడా?” అని అడిగింది.

తప్పు కాదు. పాత లాటిన్‌లో గ-కి వేరే అక్షరమే లేదు. గ్రీకుల గ అక్షరమైన గామా, ఇటలీలోనే రోమన్ల పొరుగున ఉన్న ఎట్రుస్కన్ల చేతిమీదుగా రోమన్లకు చేరింది, ఎట్రుస్కన్ భాషలో గ ధ్వని లేదు కాబట్టి వాళ్లు దాన్ని క-కి వాడేసుకున్నారు, రోమన్లకేమో రెండు ధ్వనులూ ఉన్నాయి గానీ చేతికొచ్చిన అక్షరం ఒకటే, అదే సి. తమిళంలో ఒకే అక్షరాన్ని ఒకచోట క అని, ఇంకోచోట గ అని చదువుతారు చూడండి, కాస్త అలాంటిదే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో సి-కి చిన్న గీత తగిలించి జి చేశారు. ఆ పని స్పూరియస్ కార్విలియస్ అనే బడిపంతులు చేశాడని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అక్షరం కొత్తదొచ్చినా పేర్ల పొడి అక్షరాల జోలికి ఎవరూ పోలేదు. గాయుస్‌కి సి, గ్నేయుస్‌కి సి-ఎన్, అలాగే ఉండిపోయాయి.

ఇంకో తమాషా, మనం ఇంటిపేరుని పొడి అక్షరం చేసి సొంత పేరు పూర్తిగా రాస్తాం, వాళ్లు సరిగ్గా తిరగేసి. మగవాళ్ల సొంత పేర్లు బాగా వాడుకలో ఉన్నవి పట్టుమని ఇరవై కూడా లేవు మరి, ఒక్క అక్షరం చూస్తే చాలు తెలిసిపోయేది. సీజర్ గాయుసే, చక్రవర్తి అగస్టస్ పుట్టినప్పుడు గాయుసే, ఇంకో చక్రవర్తి కాలిగులా అసలు పేరూ అదే (కాలిగులా అంటే ‘బుల్లి బూటు’, సైనికులు పెట్టిన ముద్దుపేరు).

*వ్యాఖ్య:* అర్థం చెప్పలేదేంటండీ? పిల్లల పేర్ల సైట్లలో ‘సంతోషం’ అని ఉంది.

*జవాబు:* తల్లిదండ్రుల సంతోషం వల్ల ఆ పేరొచ్చిందని రోమన్లే చెప్పుకున్నారు, సంతోషానికి లాటిన్ మాట గౌడియుం కాబట్టి. నాకైతే అది పేరు చూసి అల్లిన కథలా ఉంది. భాషావేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. గ్రీకుల భూదేవి గాయాతో కలిపేసే సైట్లనైతే అస్సలు నమ్మకండి.

*వ్యాఖ్య:* మా ఇంట్లో తెలుగు బైబిల్లో యోహాను మూడో పత్రిక ‘గాయు’కి రాసినట్టుంది. ఇదేనా?

*జవాబు:* ఇదేనండీ. లాటిన్ పేరు గ్రీకులో గాయోస్ అయింది, తెలుగులో చివరి స్‌ పోయింది. మనకు గాయం గుర్తొస్తుంది గానీ ఏ సంబంధమూ లేదు.

*వ్యాఖ్య:* అన్నయ్యా, మరి ఆడవాళ్లకి?

*జవాబు:* గాయా. శాసనాల్లో సి-ని తిరగేసి చెక్కితే ‘స్త్రీ’ అని గుర్తు, ఒక స్త్రీ దగ్గర బానిసగా ఉండి విడుదలైనవాడి పేరు పక్కన ఇది కనిపిస్తుంది. పెళ్లిలో వధువు “నువ్వు గాయుస్ అయిన చోట నేను గాయాని” అనేదట, ఆమె అసలు పేరు ఏదైనా సరే. ఏదో పుస్తకంలో ఉదాహరణకి గాయా అని రాసుంటే, ఒకానొక పద్ధతిలో పెళ్లయ్యే ఆడవాళ్లందరి పేరూ గాయానే అనుకున్నారని రోమన్ వక్త సిసిరో ఒక కేసు వాదిస్తూ న్యాయశాస్త్ర పండితులను ఆటపట్టించాడు.