ఆల్బర్టస్ అక్షరాలు గ్రానైట్ ఫలకానికి సరిపోతాయా?

ప్రశ్న

నమస్కారం. మా ఊరి గ్రంథాలయానికి గ్రానైట్ నామఫలకం తయారు చేయించే పని నాకు అప్పగించారు; తెలుగు పేరు కింద ఇంగ్లీషు పేరు కూడా ఉండాలి. లండన్‌లో సిటీ అని పిలిచే పాత భాగంలో వీధిపలకలపై కనిపించే ఆల్బర్టస్ అక్షరాలంటే నాకు చాలా ఇష్టం. నిలువు గీత కొసలకు వచ్చేసరికి మెల్లగా విచ్చుకుంటుంది, కానీ టైమ్స్ ఫాంట్‌లో ఉన్నట్టు విడిగా అడ్డగీత ఉండదు. దీన్ని సెరిఫ్ (గీతల కొసల్లో చిన్న అలంకారం ఉన్న అక్షరరూపం) అనవచ్చా? ఫలకానికీ, దానితోపాటు వేసే పదహారు పేజీల పుస్తకానికీ ఇదే వాడవచ్చా?

జవాబు 1

సెరిఫే అనవచ్చు. అయితే ఇది కలం నుంచి కాక ఉలి నుంచి పుట్టిన సెరిఫ్. దీని రూపకర్త బెర్తోల్డ్ వోల్పె జర్మనీలోని ఆఫెన్‌బాఖ్‌లో లోహపు పని నేర్చి, రుడోల్ఫ్ కోఖ్ దగ్గర అక్షరకళ అభ్యసించారు. ఆయన కంచు పలకలపై అక్షరాన్ని లోపలికి తవ్వేవారు కాదు. చుట్టూ ఉన్న లోహాన్ని తొలగించి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలిపేవారు. బయటి నుంచి చెక్కుకొస్తున్నప్పుడు సన్నని అడ్డగీతలను మిగల్చడం కష్టం కనుక, గీత బలంగా ఉండి కొస మాత్రమే కాస్త విచ్చుకుంటుంది. ఆ పలకల ఫొటోలు చూసిన స్టాన్లీ మోరిసన్, 1932లో తాను సలహాదారుగా ఉన్న అచ్చు అక్షరాల సంస్థ మోనోటైప్ కోసం వాటిని అచ్చు అక్షరాలుగా మలచమని కోరారు. మొదట వచ్చినవి పెద్ద (క్యాపిటల్) అక్షరాలే. యూదుడైన వోల్పె నాజీల పాలన కారణంగా 1935లో ఇంగ్లండ్ చేరి, 1941 నుంచి ఫేబర్ ప్రచురణ సంస్థకు వందలాది ముఖచిత్రాలు రూపొందించారు. వాటిలో అనేకం ఈ అక్షరాలతోనే ఉన్నాయి.

అందుకే నా సలహా: ఖర్చు భరించగలిగితే ఇంగ్లీషు పేరును ఉబ్బెత్తుగా చెక్కించండి.

జవాబు 2

పుస్తకం లోపలి పాఠానికి మాత్రం వద్దు. చిన్న సైజులో విచ్చుకున్న కొసలు కనిపించవు, గీతల బరువు మాత్రం పేజీనంతా నల్లబరుస్తుంది. అట్టకూ అధ్యాయాల శీర్షికలకూ వాడండి. పెద్ద అక్షరాల మధ్య ఎడం పెంచండి. ముఖ్యంగా "ఎం" అక్షరాన్ని దగ్గరగా చూడండి: దాని నడిమి గీతలు అడుగుదాకా దిగకుండా మధ్యలోనే కలుస్తాయి. ఇరికించి పేరిస్తే ఆ అందం పోతుంది.

ఇంతకన్నా తేలికైన రూపం కావాలంటే హెర్మన్ జాఫ్ చేసిన ఆప్టిమా ఉంది. 1950లో ఫ్లోరెన్స్‌లోని సాంతా క్రోచె చర్చి నేలపై ఉన్న సమాధి రాళ్ల అక్షరాలు చూసి ఆయన మొదలుపెట్టిన ఆ రూపం 1958లో విడుదలైంది. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారక గోడపై పేర్లన్నీ ఆప్టిమాలోనే చెక్కారు, కాబట్టి లోపలికి తవ్వే పనికి అది తగుతుందని నిస్సంకోచంగా చెప్పగలను.

తెలుగు పేరు విషయంలో తొందరపడకండి. తాటాకుపై గంటంతో గీసిన మన లిపికి ఒకే మందం గుండ్రని గీత సహజం. తలకట్టు కొసలను ఆల్బర్టస్‌లా సాగదీస్తే అక్షరం ఇబ్బందిగా కనిపిస్తుంది. మందంలో సరిపోయే తెలుగు ఫాంట్ ఎంచుకుంటే చాలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు రూపాలనూ అసలు కొలతలో కాగితంపై తీయించి, గోడకు అంటించి గేటు దగ్గర నుంచి చూశాను. ఆప్టిమా సన్నని గీతలు మధ్యాహ్నపు ఎండలో వెలిసినట్టు కనిపించాయి, ఆల్బర్టస్ స్పష్టంగా నిలిచింది. ఫలకానికి దాన్నే, ఉబ్బెత్తుగా, ఖాయం చేశాం.